నీటికాసుల ఆపరేషన్ తర్వాత కంటి వెనక ఏం జరుగుతుంది?

(శ్రీకాకుళంలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక కంటి వైద్యుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఈ వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. వినపడుతోందా అమ్మా? సరే.

నీటికాసుల గురించి, అదే గ్లకోమా గురించి మాట్లాడమన్నారు. అది ఎందుకొస్తుంది, ఏ చుక్కలు వాడాలి అన్నది మీలో చాలామంది ఇంతకు ముందే విని ఉంటారు. అందుకని ఈ రోజు ఆపరేషన్ గురించి చెబుతాను. అందులోనూ మనం తక్కువగా మాట్లాడుకునే సంగతి ఒకటి చెబుతాను. ఈ ఆపరేషన్ మేం కంటి ముందు భాగంలో చేస్తాం. పై రెప్ప ఎత్తితే కనబడే చోట చేస్తాం. కానీ దాని మంచీ చెడూ తేలేది ఎక్కడ? కంటి వెనక. చూపు నరం దగ్గర, రెటీనా దగ్గర, అంటే కంటి వెనక వెలుగును పట్టే పల్చటి పొర దగ్గర, రెటీనా కింద ఉండే రక్తనాళాల పొర దగ్గర. ఆ వెనక భాగం మీకు అద్దంలో కనబడదు. కన్ను తెల్లగా ఉంది, నొప్పి లేదు, కాబట్టి అంతా బాగుందనుకుంటారు. లేకపోతే, చూపు పెరగలేదు కాబట్టి ఆపరేషన్ ఫెయిలైందనుకుంటారు. రెండూ సరికాదు.

"ఏటి డాక్టరు బాబూ, ఆపరేషన్ చేసినారు, చూపు ముందున్నట్టే ఉంది" అంటారు. ముందున్నట్టే ఉంటే అది గెలుపే అమ్మా. శుక్లం ఆపరేషన్ వేరు. శుక్లం తీసి లెన్స్ పెడితే మర్నాడే వెలుగొస్తుంది. నీటికాసుల ఆపరేషన్ ఉన్న చూపును నిలబెట్టడానికి. పోయినదాన్ని తేవడానికి కాదు. ఈ మాట ఆపరేషన్‌కి ముందే కుటుంబం మొత్తానికి చెప్పాలి. చెప్పకపోతే ఆ ఇంట్లో ఇక ఎవరూ కంటి ఆస్పత్రి గడప తొక్కరు.

కన్ను లోపల ఒక నీరు ఎప్పుడూ ఊరుతూ ఉంటుంది. కన్నీరు కాదు, అది బయటిది. ఇది లోపలిది. ఊరినంత నీరూ ఒక మూల నుంచి బయటికి పోతూ ఉండాలి. పోయే దారి సన్నబడితే లోపల ఒత్తిడి పెరుగుతుంది. మామూలుగా ఈ ఒత్తిడి పాదరసపు కొలతలో 10 నుంచి 21 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. సరే, ఒత్తిడి కన్నంతటా పడుతుంది కదా, మరి దెబ్బ నరానికే ఎందుకు తగులుతుంది? కంటి గోడ అంతటా గట్టిగా ఉంటుంది. ఒక్క చోట తప్ప. చూపు నరం కంట్లోంచి మెదడుకు బయల్దేరే చోట ఆ గోడకు కన్నం ఉంటుంది. ఆ కన్నానికి అడ్డంగా ఒక పొర ఉంటుంది. చూడటానికి అచ్చం జల్లెడే. ఆ జల్లెడ కన్నాల్లోంచి సుమారు పది, పన్నెండు లక్షల నరపు పోగులు బయటికి వెళతాయి. ఒక్క కంటికే అన్ని.

ఒత్తిడి ఎక్కువైతే ఆ జల్లెడ వెనక్కి కుంగుతుంది. కుంగితే కన్నాల వరస చెదురుతుంది, పోగులు నలుగుతాయి. ఒక్కో పోగులో అటూ ఇటూ నడిచే ఆహారం, రసాయనాలు అక్కడే ఆగిపోతాయి. ఆగిపోయిన పోగు కొన్నాళ్లకు చనిపోతుంది. చనిపోయిన పోగు మళ్లీ మొలవదు. కొందరికి జల్లెడే బలహీనంగా ఉంటుంది. వాళ్లకు ఒత్తిడి 16, 17 ఉన్నా నరం దెబ్బతింటుంది. "నా ప్రెషర్ నార్మల్ అన్నారు కదా" అని ఊరుకోకూడదనేది అందుకే. నరాన్ని చూడకుండా ప్రెషర్ ఒక్కటే కొలిచి పంపేస్తే ఆ పరీక్ష సగమే జరిగినట్టు.

ఇక ఆపరేషన్. మేం ఎక్కువగా చేసేది ట్రాబెక్యులెక్టమీ. 1968లో ఇంగ్లండులో కెయిర్న్స్ అనే డాక్టర్ దీన్ని వివరించారు. ఇన్నేళ్లలో చాలా మెరుగులు దిద్దారు గానీ మూలం అదే. కంటి తెల్లగుడ్డులో సగం మందాన చిన్న మూత లాంటిది లేపి, దాని కింద నీరు బయటికి వచ్చే దారి చేసి, మూతను మళ్లీ కుట్లతో మూస్తాం. నీరు ఆ మూత అంచుల్లోంచి ఊరి, పైనున్న పల్చటి పొర కిందికి చేరుతుంది. అక్కడ చిన్న పొంగు వస్తుంది, దాన్ని బ్లెబ్ అంటాం. దారి మళ్లీ పూడిపోకుండా మైటోమైసిన్ అనే మందు కాసేపు అద్ది కడిగేస్తాం. దీనితో కుదరనివాళ్లకు లోపలి నీరు బయటికి పోయేలా చిన్న ట్యూబ్ పెడతాం. మధురైలో అరోల్యాబ్ వాళ్లు తయారుచేసే ట్యూబ్ వచ్చాక మన దగ్గర పేదవాళ్లకు కూడా ఇది అందుబాటులోకి వచ్చింది. బయటి దేశాల ట్యూబ్ ధర చూసి వెనక్కి వెళ్లిపోయినవాళ్లను నేను చూశాను.

సరే, ఒత్తిడి 35 నుంచి 12కి దిగింది. అప్పుడు వెనక ఏమవుతుంది?

మొదట మంచి సంగతి చెబుతాను. వెనక్కి కుంగిన ఆ జల్లెడ కొంత ముందుకు వస్తుంది. ఇది పూర్వం ఊహించుకోవడమే గానీ చూసే వీలు లేదు. కంటి వెనక పొరలను కోసి చూపినట్టు వెలుగుతో చూపించే ఓసీటీ స్కాన్ 1991లో వచ్చింది. లోతుగా చూడగలిగే పద్ధతులు ఇంకా తర్వాత వచ్చాయి. వాటితో చూస్తే ఆపరేషన్ తర్వాత చాలామందిలో జల్లెడ పొర ముందుకు జరిగి, కాస్త మందం కూడా అయినట్టు కనబడుతుంది. అంటే నలుగుతున్న పోగులకు ఊపిరాడుతోందన్నమాట. చిన్నపిల్లల్లో ఇది ఇంకా స్పష్టం. పుట్టుకతో నీటికాసులున్న పిల్లలకు వేళకు ఆపరేషన్ చేస్తే, నరం మధ్య గుంట కళ్లెదుటే తగ్గిపోతుంది. వాళ్ల కంటి గోడ మెత్తన, సాగుతుంది, మళ్లీ సర్దుకుంటుంది. పెద్దవాళ్లలో గోడ గట్టిపడి ఉంటుంది, అంత మార్పు రాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. గుంట తగ్గిందంటే పోగులు తిరిగొచ్చాయని కాదు. ఒత్తిడి మారగానే కంటి వెనక పొరల ఆకారమూ, మందమూ కొద్దిగా మారతాయి. స్కాన్‌లో అంకెలు అటూ ఇటూ అవుతాయి. పాత స్కాన్ పక్కన పెట్టి, "నరం బాగుపడింది" అని ఒకరు, "ఇంకా పాడైంది" అని ఒకరు కంగారు పడతారు. అలా పోల్చకూడదు. కన్ను కుదుటపడ్డాక, కొన్ని నెలలకు, కొత్తగా స్కానూ, చుట్టుపక్కల చూపు ఎంతవరకు ఉందో చూసే ఫీల్డ్ టెస్టూ చేయించి అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టాలి. ఆ కాగితాలు జాగ్రత్త చేయండి. లామినేషన్ చేయించినా తప్పులేదు.

ఇప్పుడు కష్టమైన సంగతికి వస్తాను. భయపెట్టడానికి చెప్పడం లేదు. తెలిస్తే వేళకు వస్తారని చెబుతున్నాను.

ఒత్తిడి తగ్గించడమే మన పని. కానీ ఎంత తగ్గించాలి, ఎంత త్వరగా తగ్గించాలి? ఏళ్ల తరబడి 40, 50 దగ్గర అలవాటుపడ్డ కన్ను ఉంది. అది అయిదు నిమిషాల్లో 5కి పడిపోతే వెనకున్న రక్తనాళాలు తట్టుకోగలవా? లోపలి నుంచి వాటిని నొక్కి ఉంచిన బలం ఒక్కసారిగా పోతుంది. రక్తం ఉరుకుతుంది. రెటీనాలో అక్కడక్కడా చిన్నచిన్న రక్తపు మరకలు వస్తాయి. చాలామందిలో ఇవి కొన్ని వారాల్లోనో నెలల్లోనో వాటంతటవే పోతాయి. కానీ ఆ మరక సరిగ్గా మాక్యులా మీద, అంటే చదివే చూపు ఉండే చోట పడితే అప్పటిదాకా చూపు మసకే.

అందుకే ఆపరేషన్‌కి ముందే మాత్రలతో, సెలైన్‌తో ఒత్తిడిని కొంత దించుతాం. మాత్ర అంటే డయామాక్స్. సెలైన్ అంటే మానిటాల్. ఇక్కడ మన జిల్లా వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. ఉద్దానం నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు... ఆ, ఉన్నారు. అక్కడ కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో నేను మీకు చెప్పక్కర్లేదు. డయామాక్స్ కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి. కిడ్నీలు పాడైనవాళ్లకు అది ఒంట్లో పేరుకుంటుంది. మత్తు, అయోమయం, రక్తంలో ఆమ్లం పెరగడం, ఇలా ప్రాణం మీదికి తెస్తుంది. మానిటాల్ కూడా అంతే, ఆ నీరంతా బయటికి పోయే దారి లేక గుండె మీద, ఊపిరితిత్తుల మీద భారం పడుతుంది. కాబట్టి కంటి డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి: "బాబూ, నాకు క్రియాటినిన్ ఎక్కువుంది", "నేను డయాలసిస్‌లో ఉన్నాను" అని. కంటికీ కిడ్నీకీ ఏం సంబంధమని ఊరుకోవద్దు. సల్ఫా మందులు పడనివాళ్లూ ఆ మాట ముందే చెప్పాలి. ఇది నేను ప్రతి క్యాంపులో చెబుతాను. మళ్లీ చెబుతున్నాను. కిడ్నీ రిపోర్టు కంటి ఆస్పత్రికి కూడా పట్టుకురండి.

ఇక రెటీనా కింద కోరాయిడ్ అని ఒక పొర ఉంది. అంతా రక్తనాళాలే. ఒత్తిడి తగ్గగానే ఆ పొర మందమవుతుంది, అది మామూలే. మరీ తగ్గిపోతే ఆ నాళాల్లోంచి నీరు ఊరి, కోరాయిడ్‌కీ బయటి తెల్లగుడ్డుకీ మధ్య చేరుతుంది. పొర లోపలికి ఉబ్బుతుంది. పేషెంటుకు ఏం తెలుస్తుంది? ఒక పక్కన నీడ అడ్డం వచ్చినట్టుంటుంది. నొప్పి పెద్దగా ఉండదు. మేం కంటిపాప పెద్దదిచేసి చూస్తే గోధుమరంగు ఉబ్బు కనబడుతుంది. చాలావరకు అట్రోపిన్ చుక్కలతో, స్టెరాయిడ్ చుక్కలతో కొన్ని రోజుల్లో, కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. రెండు పక్కల ఉబ్బులూ పెరిగి మధ్యలో ఒకదాన్నొకటి తాకితే మాత్రం ఆ నీరు తీసెయ్యాలి.

అదే చోట నీటికి బదులు రక్తం చేరితే? అది మా అందరికీ భయం. అరుదే, కానీ వస్తే చూపు పోవచ్చు. ఒక్కోసారి ఆపరేషన్ టేబుల్ మీదే వస్తుంది. ఎక్కువగా ఆ తర్వాతి కొద్ది రోజుల్లో వస్తుంది. ఎలా వస్తుందో చెబుతాను, వినండి. మలబద్ధకంతో గట్టిగా ముక్కుతారు. లేదా తెరలుతెరలుగా దగ్గు. లేదా బియ్యం బస్తా ఎత్తుతారు. అంతే, కంట్లో భరించలేని నొప్పి, వాంతి, చూపు ఒక్కసారిగా తగ్గిపోవడం. అలా అయితే తెల్లారేదాకా ఆగొద్దు. ఆ రాత్రికే బయల్దేరండి. ఎవరికి ఎక్కువ ప్రమాదం? ముసలివాళ్లకు, ముందు నుంచి ఒత్తిడి చాలా ఎక్కువ ఉన్నవాళ్లకు, పెద్ద మైనస్ పవరున్నవాళ్లకు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు. ఆ మందులు మీ అంతట మీరు ఆపెయ్యకండి. ఆపితే గుండెకో మెదడుకో ప్రమాదం. గుండె డాక్టరూ కంటి డాక్టరూ మాట్లాడుకుని చెప్పాలి. దగ్గు, మలబద్ధకం ఉంటే ఆపరేషన్‌కి ముందే చెప్పండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు, రెండింటికీ మందులున్నాయి.

ఇంకొకటి, ఒత్తిడి వారాల తరబడి 5 కంటే తక్కువలో ఉండిపోవడం. అప్పుడు కంటి గోడ వదులై రెటీనా, కోరాయిడ్ ముడతలు పడతాయి. మాక్యులా మీద ముడత పడితే చూపు వంకర పోతుంది. వయసులో ఉన్నవాళ్లకు, మైనస్ పవరున్నవాళ్లకు ఇది ఎక్కువ. పొందూరు వైపు నుంచి ఒక నేత కార్మికుడు వచ్చాడు. నడివయసైనా రాలేదు, దళసరి కళ్లద్దాలు. వేరే చోట ఆపరేషన్ అయింది. చార్టు చదివిస్తే పరవాలేదు, కింది వరసల దాకా నెమ్మదిగా చదివాడు. "మరి ఇబ్బంది ఏమిటి?" అంటే, "పడుగు దారాలు వంకరటింకరగా కనబడుతున్నాయండి. చేత్తో తడిమితే తిన్నగానే ఉన్నాయి, కంటికి మాత్రం వంకర" అన్నాడు. చూడండి, మా చార్టు పట్టుకోలేనిది ఆయన మగ్గం పట్టుకుంది. స్కాన్ తీస్తే మాక్యులా కింద ముడతలు వరసగా ఉన్నాయి. ఒత్తిడి 4. ఆ మూత మీద మళ్లీ కుట్లు వేసి బిగించాం. ఒత్తిడి పెరిగింది, ముడతలు మెల్లగా సర్దుకున్నాయి, దారాలు చాలావరకు తిన్నబడ్డాయి. ఆలస్యమైతే ఆ ముడతలు అలాగే ఉండిపోతాయి. కాబట్టి ఆపరేషన్ అయినవాళ్లు ఒక్కో కన్ను మూసి, తలుపు అంచు, కిటికీ ఊచలు చూసుకోండి. వంకరగా ఉంటే వచ్చి చెప్పండి.

ఇంత జరుగుతుంటే ఆపరేషన్ ఎందుకండీ అని ఇప్పుడెవరైనా అనుకుంటే, ఆగండి. ఇవన్నీ అందరికీ వచ్చేవి కావు. వచ్చినవాటిలోనూ ఎక్కువ భాగం వేళకు చూస్తే సర్దుకునేవే. ఆపరేషన్ అవసరమని తేలాక చేయించుకోకపోతే వచ్చే నష్టం మాత్రం సర్దుకునేది కాదు. జబ్బు బాగా ముదిరి నడిమధ్య కొంచెం చూపు మాత్రమే మిగిలినవాళ్లకు, ఆపరేషన్‌తో ఆ కొంచెమూ పోతుందేమోనని భయం ఉంటుంది. అలా జరగడం చాలా అరుదు. ఒత్తిడిని అలాగే వదిలేస్తే మాత్రం పోవడం దాదాపు ఖాయం. నేనైతే చేయించుకోమనే చెబుతాను, చెప్పాల్సినదంతా ముందే చెప్పి.

ఒత్తిడి ఒక్కసారిగా పడిపోకుండా మేం చేసే పని ఒకటుంది. మూత మీద కుట్లు మొదట బిగుతుగానే వేస్తాం. తర్వాతి రోజుల్లో, వారాల్లో కన్ను చూసుకుంటూ ఒక్కో కుట్టు లేజర్‌తో తెంపడమో, వదులు చేయడమో చేస్తాం. అంటే ఆపరేషన్ ఆ రోజుతో అయిపోలేదు. మొదటి నెల మీరు వచ్చే ప్రతి విజిటూ ఆపరేషన్‌లో భాగమే. ఇచ్ఛాపురం నుంచి, భామిని నుంచి, సీతంపేట ఏజెన్సీ నుంచి రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. తోడు మనిషికి ఒక రోజు కూలి పోతుంది. అయినా ఆ నెల మాత్రం తప్పించొద్దు. ట్యూబ్ పెట్టినవాళ్లకు ఇంకో తేదీ ముఖ్యం. కవాటం లేని ట్యూబైతే మొదట దారంతో కట్టేస్తాం. ఆ దారం అయిదారు వారాలకు కరిగిపోతుంది. అది కరిగిన రోజున ట్యూబ్ తెరుచుకుని ఒత్తిడి దిగిపోతుంది. ఇందాక చెప్పిన కోరాయిడ్ ఉబ్బు ఆ వారంలోనూ రావచ్చు. నెలన్నర బాగానే ఉంది కదా అని మానేసేది సరిగ్గా అప్పుడే.

చుక్కల గురించి ఒక మాట. ఆపరేషన్ తర్వాత స్టెరాయిడ్ చుక్కలు వారాల తరబడి వేయాలి. బాగుందని మధ్యలో ఆపితే దారి పూడిపోతుంది. అవే చుక్కలు కన్ను ఎర్రబడిందని మందుల షాపులో అడిగి నెలల తరబడి వేసుకుంటే నీటికాసులు తెచ్చిపెడతాయి. డాక్టర్ రాసినప్పుడు, రాసినన్నాళ్లే.

అరసవల్లి గురించి కూడా చెప్పాలి. కంటి జబ్బున్నవాళ్లు సూర్యనారాయణస్వామికి మొక్కుకుంటారు, నాకు తెలుసు. నా పేషెంట్లలో చాలామంది ఆపరేషన్ కాగితాలు స్వామి దగ్గర పెట్టించుకుని వస్తారు. వెళ్లండి, దండం పెట్టుకోండి. రెండే మాటలు. ఉదయిస్తున్నా సరే, సూర్యుణ్ణి కళ్లతో సూటిగా చూస్తూ ఉండిపోవద్దు, మాక్యులా కాలిపోతుంది. అలా కాలి వచ్చినవాళ్లున్నారు. రెండోది, ఆపరేషన్ అయిన తర్వాత డాక్టర్ సరేననేదాకా పుష్కరిణిలో గానీ నాగావళిలో గానీ తల మునగ్గా స్నానం చేయొద్దు. ఆ బ్లెబ్ మీద ఉండేది పల్చటి పొరే. దాంట్లోంచి క్రిమి లోపలికి పోతే, వెనకున్న జెల్లీ అంతా చీము పడుతుంది. ఏళ్ల తర్వాత కూడా అలా రావచ్చు. ఎరుపు, పుసి, నొప్పి, చూపు మసక, వీటిలో ఏది వచ్చినా ఆ రోజే చూపించుకోవాలి.

ఇక ప్రశ్నలు అడగండి.

మాస్టారు ఏదో అడుగుతున్నారు... వాళ్ల ఇంట్లో ఇంకెవరికైనా చూపించాలా అని. తప్పకుండా మాస్టారూ. మీ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, పిల్లలకు నలభై దాటితే నరం చూపించండి. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1996 నుంచి 2000 దాకా జరిగిన పెద్ద కంటి సర్వేలో తేలిందేమిటంటే, నీటికాసులున్న పదిమందిలో తొమ్మిదిమందికి పైగా తమకు ఆ జబ్బున్నట్టే తెలియదు. మీ ఇంట్లో మీకు తెలిసింది, మిగిలినవాళ్లకు అదే ఆధారం.

ఆ చివర అమ్మ చేయెత్తారు. చెప్పమ్మా. ఒక కంటికి అయింది, రెండో కంటికి ఎప్పుడు చేస్తారు, మొదటి కంటికి నీరు పట్టింది కాబట్టి భయంగా ఉంది అంటున్నారు. మంచి ప్రశ్న అమ్మా. మొదటి కన్ను ఎలా నడిచిందన్నదే రెండో కంటికి మాకు దారి చూపిస్తుంది. మొదటి కంట్లో కోరాయిడ్ ఉబ్బిందా, రక్తం చేరిందా, రెటీనాలో మరకలు వచ్చాయా, చిన్న కళ్లవాళ్లలో కొందరికి అయినట్టు నీరు వెనక్కి మళ్లి ఒత్తిడి పెరిగిందా, ఇవన్నీ రెండో కంటికీ వచ్చే వీలుంది. తెలిస్తే ప్లాన్ మారుస్తాం. కుట్లు ఇంకా బిగుతుగా వేస్తాం, మైటోమైసిన్ తగ్గిస్తాం, ఒత్తిడి ముందే బాగా దించుకుంటాం. కొందరికి ట్రాబెక్యులెక్టమీ బదులు ఇంకొకటి ఎంచుకుంటాం. వేరే ఆస్పత్రిలో చేయించుకున్నా సరే, మొదటి కంటి డిశ్చార్జి కాగితం, ఆ తర్వాత వేసిన చుక్కల చీటీలు, స్కాన్లు అన్నీ ఒక కవర్‌లో పెట్టి, రెండో కంటికి వచ్చేటప్పుడు పట్టుకురండి.